మొక్కజొన్న మలుపు

2011 అక్టోబర్ 13, గురువారం. ఆ పొద్దున మేం బంక బియ్యపు అన్నం మీద కొబ్బరి కోరు చల్లుకుని, నూనెలో వేయించిన అరటిపళ్ళు నంజుకుని తిన్నాం. వేయించింది మా అమ్మాయి దెస్రీతా. ఒక వాయి మాడింది. మాడిన ముక్కలు తన పళ్ళెంలోకి లాక్కుని, బాగున్నవి నాకూ వాళ్ళ మామక్ జుల్బహ్రికీ వడ్డించింది. నేను చూడనట్టే తిన్నాను. ఆ రోజు ఇంట్లో అందరి భయమూ మరో మాడు వాసన గురించి.

జుల్బహ్రి నా భార్యకి అన్న. మా మినాంగ్ జాతివాళ్ళలో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. మగవాళ్ళం పెళ్ళయ్యాక భార్య ఇంటికొచ్చి ఉంటాం. ఇల్లరికం మాకు వింత కాదు, అందరిదీ ఇల్లరికమే. ఇంటి ఆస్తి విషయంలో మాట చెల్లేది మాత్రం మామక్‌కి, అంటే పిల్లల మేనమామకి. అల్లుడికి మర్యాద ఎక్కువ, మాట తక్కువ. పెళ్ళినాటి నుంచి ఆ ఇంట్లో నన్నెవరూ పేరుపెట్టి పిలవలేదు. అల్లుణ్ణి బిరుదుతోనే పిలవాలి. నా బిరుదు సుతాన్.

ఇప్పుడు ఆస్తి అంటున్నది ఒక ఆకుపచ్చ వ్యానుని.

నా భార్య యుస్నిదార్ పొద్దున సోలోక్‌లో మనుషుల్నీ బియ్యం బస్తాల్నీ ఎక్కించుకుని కొండ దాటి, సముద్రపొడ్డునున్న పడాంగ్‌లో దింపేది. సాయంత్రం అక్కడివాళ్ళని ఎక్కించుకుని మళ్ళీ కొండెక్కి వచ్చేది. రిటైరయ్యేదాకా నేను పడాంగ్‌లో హైస్కూలు పిల్లలకి భూగోళం చెప్పేవాణ్ణి. సోమవారం ఆమె పక్కన కూర్చుని దిగేవాణ్ణి, శనివారం ఆమె పక్కన కూర్చుని ఎక్కేవాణ్ణి. మా కాపురంలో మంచి మాటలన్నీ ఆ రెండు ప్రయాణాల్లోనే మాట్లాడుకున్నామేమో. జూలైలో ఒక సాయంత్రం బండి కడిగి, తాళం మేకుకి తగిలించి పడుకుంది. తెల్లారి లేవలేదు. ఎవరికీ ఏ పనీ మిగల్చకుండా వెళ్ళింది.

తర్వాత బండి దెస్రీతా తీసింది. రెండు నెలలు తిరిగేసరికి క్లచ్ మాడిపోయింది.

సోలోక్ సంత వెనక మెకానిక్ సమ్సిర్ షెడ్డు ఉంది. అతను గేరుబాక్సు దింపి, లోపలి క్లచ్ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, అంచుల దగ్గర నీలం తిరిగి, పెనం మీద మర్చిపోయిన అట్టులా ఉంది. తర్వాత గోడకి వేలాడుతున్న ఇంకో బిళ్ళ తీసి దాని పక్కన పెట్టాడు.

“ఇది మీ ఆవిడది, సుతాన్. అప్పట్లో ఆయిలు కారుతుంటే విప్పాను. ఎలాగూ విప్పాం కదా అని కొత్తది వేశాను. దీన్ని మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. చూడండి, మీద చెక్కిన గాళ్ళు ఇంకా చెక్కుచెదరలేదు. ఏళ్ళ తరబడి కొండెక్కిన బిళ్ళంటే ఎవరూ నమ్మరు.”

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అన్నం పళ్ళెమంత కూడా లేదు. ఇంజన్ బలమంతా, మనుషుల బరువంతా, బస్తాల బరువంతా ఈ పలచటి బిళ్ళ రాపిడిలోంచే చక్రాలకి చేరాలి. ఎడంకాలు నొక్కితే ఇంజనూ చక్రాలూ విడిపోతాయి, వదిలితే కలుస్తాయి. పూర్తిగా విడిపోయినా, పూర్తిగా కలిసినా బిళ్ళకి ఏ బాధా లేదు. కలవనూ కలవక, విడిపోనూ పోక జారే ఆ కాసేపట్లోనే అది అరిగేది. యుస్నిదార్ ఆ కాసేపుని ఎంత చిన్నది చేసిందో నా వేళ్ళకింద ఉన్న ఆ గాళ్ళు చెబుతున్నాయి. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నాను గానీ, ఆమె ఎడంకాలు ఇంత మెత్తనిదని అప్పుడే తెలిసింది.

జుల్బహ్రి ఆ రెండు బిళ్ళల్నీ మార్చి మార్చి చూశాడు.

“దీన్ని ఎవరైనా కొంటారా?”

“బండినా, బిళ్ళనా?” అన్నాడు సమ్సిర్.

“బండిని. బిళ్ళ నీ గోడకే ఉంచుకో, అలంకారం.”

దెస్రీతా మొహం పాలిపోయింది. “అమ్మొద్దు, మామక్. నాకు ఇంకో పని రాదు. నేర్చుకోవాలనీ లేదు.”

“నేను బండి గురించి ఏడుస్తున్నాననుకున్నావా? పడాంగ్ నుంచి ఎక్కేటప్పుడు సితింజావ్ మలుపు మధ్యలో ఈ బిళ్ళ పూర్తిగా జారిందనుకో. ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, చక్రం తిరగదు. బండి వెనక్కొస్తుంది. వెనక ఏముంది? గాలి. అక్కడ ఒక లారీ వెనక్కి రావటం నా కళ్ళతో చూశాను. వారం అన్నం సయించలేదు.”

దెస్రీతా మాడిన బిళ్ళ అంచు మీద వేలితో రాసింది. అతని కంఠంలో కోపం లేదు. కోపమే ఉంటే ఆమె ఏదో ఒకటి అనేదే.

“అలహాన్ పంజాంగ్ నుంచి ఆలుగడ్డల వ్యాపారి అడుగుతున్నాడు. వచ్చే శుక్రవారం నమాజయ్యాక వస్తాడు,” అన్నాడు జుల్బహ్రి. “సమ్సిర్, కొత్త బిళ్ళ వెయ్యి. గురువారం నేను కూడా వస్తాను. పడాంగ్ దిగి, నిండా బరువుతో ఎక్కి రావాలి. వచ్చాక నువ్వు ముక్కుపెట్టి చూడు. వాసన లేకపోతే నేను నోరెత్తను. వచ్చిందా, శుక్రవారం బండి ఆలుగడ్డలకి పోతుంది.”

కొత్త బిళ్ళ కుదురుకునేదాకా చదును రోడ్ల మీదే తిప్పమన్నాడు సమ్సిర్. దెస్రీతా ఆ వారమంతా చెరువొడ్డు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. నాకు అందులో మాట లేదు. ఆ ఇంటి బండి గురించి ఆ ఇంటివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. పైగా నా భార్య నూరోరోజు ప్రార్థనలు కూడా అయిపోయాయి. భార్య పోయినవాడు అక్కచెల్లెళ్ళ ఇంటికి తిరిగి వెళ్ళటం మాలో మామూలే. పడాంగ్‌లో మా చెల్లెలు ఒక గది సున్నం వేయించి ఉంచింది. నా చొక్కాలు సంచీలో సర్దుకున్నాను గానీ ఈ సంగతి తేలేదాకా కదలలేకపోయాను.

అందుకే గురువారం పొద్దున నేనూ బండెక్కాను. ముందు సీటు జుల్బహ్రి తీసుకున్నాడు. తలుపు దభాలున వేశాడు. అతనికి సోలోక్ సంతలో ఇనపసామాను కొట్టు. ఏ తలుపైనా అలాగే వేస్తాడు. యుస్నిదార్ ఉంటే, “అన్నా, అది తలుపు, నీ కొట్లో మేకు కాదు,” అనేది. ఇప్పుడెవరూ అనలేదు. నేను వెనక వరసలో బియ్యం బస్తాల పక్కన కూర్చున్నాను.

కొండ మీది లుబుక్ సెలాసిహ్ ఊరు దాటాక మబ్బు రోడ్డు మీదికి దిగింది. అక్కడి నుంచి నేల సముద్రం దాకా జారుతూనే ఉంటుంది. బ్రేకు మీదే నమ్మకం పెట్టుకుని దిగేవాళ్ళ చక్రాలు కొండ కింద ఇందారుంగ్ చేరేసరికి పొగ కక్కుతాయి. తెలిసినవాళ్ళు బండిని ఇంజన్‌నే పట్టుకొమ్మంటారు. గేరు తగ్గిస్తే బండి ఇంజన్‌ని తోస్తుంది, ఇంజన్ ఒప్పుకోదు, ఆ పెనుగులాటలో వేగం తగ్గుతుంది.

జుల్బహ్రి లవంగాల సిగరెట్ వెలిగించాడు. ఒక చెయ్యి పైన ఉన్న పిడి మీద, ఇంకో చేతిలో సిగరెట్.

మొదటి పెద్ద మలుపు ఇంకా దూరంగా ఉండగానే దెస్రీతా ఎడంకాలు నొక్కింది. మూడో గేరు విడిపించింది. కుడికాలితో ఆక్సిలరేటర్‌ని ఒక్కసారి అలా తాకింది. ఇంజన్ పిలిస్తే పలికినట్టు ఒక మెట్టు పైకి లేచింది. ఆ లేచిన క్షణంలోనే రెండో గేరు పడింది, ఎడంకాలు వదిలింది. కుదుపు లేదు. ఎవరో వెనకనించి బండి చొక్కా పట్టుకుని ఆపినట్టు వేగం తగ్గింది.

“గేరు తగ్గించేటప్పుడు ఇంజన్‌ని ఈడ్చుకురాకు,” అనేది యుస్నిదార్ కూతురికి నేర్పేటప్పుడు. “మెట్లు దిగే ముసలమ్మకి చెయ్యి అందించినట్టు అందించు. అదే వచ్చి పట్టుకుంటుంది.” చక్రాల వేగానికి ఇంజన్ వేగం సరిపోతే బిళ్ళ జారాల్సిన పనే ఉండదు. భూగోళం పాఠాలు చెప్పుకున్నవాణ్ణి, ఖండాలు ఒకదాన్నొకటి ఎలా రాసుకుంటాయో బల్ల గుద్ది చెప్పాను. పక్కనే ఒక మనిషి రెండు ఇనుముల్ని నొప్పి తెలియకుండా కలుపుతుంటే మాత్రం నాకెప్పుడూ మాట వచ్చేది కాదు.

మలుపు తర్వాత మలుపు. రెండు, మూడు, మళ్ళీ రెండు. నేను జుల్బహ్రి సిగరెట్ వైపే చూస్తున్నాను. చివర బూడిద పొడుగ్గా వేలాడుతోంది. అన్ని మలుపుల్లోనూ అలాగే వేలాడింది, రాలలేదు. ఆ సంగతి అతనూ గమనించాడు. కిటికీలోంచి తనే విదిలించాడు.

“దిగటం ఎవరికైనా వస్తుంది,” అన్నాడు. “భూమే లాక్కెళ్తుంది.”

“అయితే మీరు నడపండి మామక్. ఇక్కడ ఆపనా?”

“నోరు మాత్రం అచ్చం వాళ్ళమ్మదే,” అని గొణిగాడు.

పడాంగ్‌లో బియ్యం దింపాం. జుల్బహ్రి తన కొట్టుకోసం మేకుల పెట్టెలు, రంగు డబ్బాలు, ఇనప ఊచల కట్టలు ఎక్కించటం మొదలుపెట్టాడు. బండి వెనక చక్రాల మీద కూలబడింది. అప్పుడే ఎండుచేపల బుట్టలతో మర్లిస్ వచ్చింది. సోలోక్ సంతలో చేపలమ్మే మనిషి, యుస్నిదార్ బండికి పాత ఖాతాదారు. ఊచల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏంటయ్యా జుల్బహ్రి, మేనకోడలికి పరీక్షా, నీ కొట్టుకి సరుకా?”

“నిండా బరువుండాలి కదా.”

“నన్ను ఎక్కించుకుంటే చాలదూ బరువుకి? ఆ ఊచలు జరుపు, నా చేపలకి గాలాడాలి.”

దెస్రీతా పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. జుల్బహ్రి ఊచలు జరిపాడు.

మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. ఇందారుంగ్ దాటేసరికి రోడ్డు ఆవిర్లు కక్కుతోంది. ముందు సిమెంటు లారీలు వరసగా, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పాకుతున్నాయి. దెస్రీతా భుజాలు బిగిశాయి. ఆమె మెడ వెనక నరం నాకు కనపడుతోంది. మర్లిస్ చేపల బుట్ట మీద చెయ్యేసుకుని నిద్రపోతోంది. నేను ముక్కు ఎగబీల్చి గాలి చూశాను. చేపల వాసన తప్ప ఏమీ లేదు. ఇంకా కొండెక్కటం మొదలవలేదు.

సితింజావ్ మలుపుకి కొంచెం కింద, రోడ్డు కాసేపు చదునుగా ఊపిరి తీసుకునే చోట, ఒక రేకుల పాక ఉంది. అక్కడ పెద్ద గిన్నెలో మొక్కజొన్న కంకులు ఉడుకుతుంటాయి. ఆవిరి వాసన తగలగానే మర్లిస్ కళ్ళు తెరిచింది.

“ఆపవే! మొక్కజొన్న!”

“పిన్నీ, ఇవాళ కాదు.”

“ఏం, ఇవాళ మొక్కజొన్నలకి సెలవా? మీ అమ్మ ఒక్కరోజు తప్పించేది కాదు. రెండు నెల్లనించీ నువ్వు ఆపకుండా పోతుంటే, పిల్ల కొత్త కదా అని ఊరుకున్నాను. కడుపుకి తెలుస్తుందా కొత్తా పాతా?”

“ఆపి చావు,” అన్నాడు జుల్బహ్రి. “లేకపోతే సోలోక్ దాకా ఇదే పాట. మా చెల్లెలు తిండిపోతు, ఎక్కడ కంకి కనపడితే అక్కడ ఆపేది. అది చేసిన అలవాటే ఇది.”

దెస్రీతా పక్కకి తీసి ఆపింది. ఇంజన్ ఆపేసింది. పాకలో ముసలాయన బండిని చూసి, “ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?” అని, అడక్కుండానే ఆకులో చుట్టిన కంకులు తెచ్చి కిటికీలోంచి అందించాడు.

ఆ పాక దగ్గర నేను ఎన్ని శనివారాలు ఆగానో. ఆగినప్పుడల్లా కంకి ఒలుచుకుంటూ నేను ఆమె మొహం చూసేవాణ్ణి. ఆమె మాత్రం ముందు అద్దంలోంచి పైకి చూసేది. ఆ సాయంత్రం చూడటానికి ఆ మొహం లేదు. అందుకని నేనూ పైకి చూశాను.

మలుపు మొత్తం కనపడుతోంది. కొండకి తగిలించిన కొడవలిలా, మొదటి నుంచి చివరిదాకా. రోడ్డు మీద ఇంకెక్కడ నించున్నా సగమే కనపడుతుంది. ఇక్కణ్ణించి మాత్రం అంతా. ఒక సిమెంటు లారీ అందులో మోకాళ్ళ మీద ఎక్కుతున్నట్టు ఎక్కుతోంది. చక్రాల వెనక ఇద్దరు మనుషులు చెక్క దిమ్మలు పట్టుకుని దాంతోపాటు నడుస్తున్నారు. బండి జారితే దిమ్మ చక్రం కింద పెట్టటానికి. వాళ్ళ బతుకంతా ఆ మలుపులోనే.

“దెస్రీతా, మీ అమ్మ మొక్కజొన్న తినటం నువ్వెప్పుడైనా చూశావా?” అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. “లేదు నాన్నా. తన కంకి నాకిచ్చేసేది.”

“సగం నాకు,” అంది మర్లిస్ నోటినిండా గింజలతో.

“చిన్నప్పుడు కూడా తినేది కాదుగా,” అన్నాడు జుల్బహ్రి. “పళ్ళల్లో ఇరుక్కుంటుందని ఒకటే గోల...” అంటూ ఆగిపోయాడు. చేతిలో కంకిని, తర్వాత గిన్నెని, తర్వాత పైన మలుపుని చూశాడు.

అప్పుడే మలుపు దగ్గర ఒకతను మా బండిని చూశాడు. దిమ్మ పక్కవాడి చేతికిచ్చి గబగబా కిందికి దిగి వచ్చాడు. బక్కగా, మెడలో ఎర్రగుడ్డతో ఉన్నాడు. పేరు ఎరిజాల్ అని తర్వాత తెలిసింది.

“ఇది మొక్కజొన్న ఉని బండే కదా?” అన్నాడు. ఉని అంటే అక్క. “ఆవిడేదీ?”

“జూలైలో పోయింది,” అంది దెస్రీతా. “నేను వాళ్ళమ్మాయిని.”

అతను రెండు చేతులూ మొహం మీదికి తెచ్చుకుని పెదాలతో ప్రార్థన చదివాడు. తర్వాత కిటికీ అంచు మీద చెయ్యేశాడు.

“మాకు తెలీలేదమ్మా. ఇదే రంగు బండి ఆగకుండా వచ్చేస్తుంటే ఎవరో కొన్నారనుకున్నాం. ఆవిడ ఇక్కడ ఆగిందంటే మాకు గుర్తు. పైన లారీ ఆ తెల్ల రాయి దాటేదాకా ఆవిడ కదలదు. అది దాటగానే మేం పైనించి దిగేవాళ్ళని పట్టుకుని గుడ్డ ఊపేవాళ్ళం. ఒక్క ఊపులో ఎక్కిపోయేది. మలుపు మధ్యలో ఆగటం మేమెప్పుడూ చూళ్ళేదు.”

“అమ్మ మలుపులో ఆగదు,” అంది దెస్రీతా మెల్లగా, తనతో తనే అనుకుంటున్నట్టు. “అది నాకు తెలుసు. అందుకే నేనూ ఆగకూడదనుకున్నాను. లారీ ఎంత మెల్లగా పోతున్నా దాని వెనకే, సగం నొక్కి సగం వదిలి, పాకుతూ...”

“ఆవిడ ఆగేదమ్మా. ఇక్కడ.”

మర్లిస్ తినటం ఆపేసింది. “మరి ఆ సంగతి చెప్పొచ్చుగా మహాతల్లి! మొక్కజొన్న ఎందుకూ మధ్యలో?”

ఎరిజాల్ నవ్వాడు. “ఆడమనిషి మలుపు చూసి ఆగిందంటే వెనక బస్సు డ్రైవర్లు ఏం కూస్తారో తెలీదా పిన్నీ? బండిలోవాళ్ళు మాత్రం ఊరుకుంటారా, ఆలస్యమవుతోందని? కంకి కొంటోందంటే ఎవరూ ఏమీ అనరు. పైగా తలా ఒకటి చేతిలో పెడితే నోళ్ళు మూతపడతాయి.”

నా చేతిలో కంకి వేడిగా ఉంది. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికీ భయం పుట్టకుండా, ఎవరికీ విసుగు పుట్టకుండా, ఆ కొండకి ఇవ్వాల్సిన కాసేపుని మొక్కజొన్న ఆకులో చుట్టి ఇచ్చింది. షెడ్డులో నేను పట్టుకున్న బిళ్ళలో గాళ్ళు అరగకపోవటం ఆమె కాలి నేర్పు అనుకున్నాను. కాలి నేర్పే, కాదనను. కానీ అందులో సగం ఈ పాక దగ్గర ఊరికే కూర్చోవటంలో ఉంది. నాకు ఏడుపు రాలేదు. కొండ మీద మబ్బు విడిపోయి, ఇంకో కొండ కనపడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

మా పక్కనించి ఇంకో సిమెంటు లారీ మలుపులోకి ఎక్కింది. ఎరిజాల్ దానికంటే ముందు పైకి పరుగెత్తాడు. చెక్క దిమ్మ దాని వెనకే నడిచింది. వెనక ఒక బస్సు వచ్చి మా తోక దగ్గర ఆగి హారన్ కొట్టింది. మమ్మల్ని దాటటానికి సందు సరిపోలేదో, తొందరపెట్టాలనో, ఒకటే మోత. దాని వెనక ఇంకోటి.

జుల్బహ్రి కంగారుపడ్డాడు. “పద, పద. లారీ వెనకే పో. వీళ్ళు నెత్తినెక్కేట్టున్నారు.”

దెస్రీతా తాళం మీద చెయ్యి వెయ్యలేదు. మొహం ఎర్రబడింది. మామక్ చెయ్యమన్నది చెయ్యకపోవటం ఆ ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. రేపు శుక్రవారం. బండి ఉండటమా పోవటమా అన్నది ఆ మనిషి చేతిలో ఉంది.

“మామక్,” అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “మొక్కజొన్న తినండి.”

బస్సు మళ్ళీ మోగింది. జుల్బహ్రి మేనకోడలి వైపు చూశాడు. నేను ఏమీ అనకూడదు. నా కంకి ఆకు విప్పి, వెనకనించి చెయ్యి చాచి అతనికి అందించాను. అతను తీసుకున్నాడు. రెండు చేతుల్లో రెండు కంకులతో, తప్పు చేసి దొరికిన బడిపిల్లాడిలా కూర్చుని, ఒకదాన్ని కొరికాడు.

బస్సు డ్రైవర్ తల బయటపెట్టి, “ఏమ్మా, వంట చేస్తున్నావా?” అని అరిచాడు.

“ఆఁ, నీకూ ఒకటి పెట్టమంటావా?” అని మర్లిస్ అంతకంటే గట్టిగా అరిచింది. “పళ్ళున్నాయా, ఊడాయా?”

హారన్ ఆగింది. ఎవరో నవ్వారు.

లారీ మలుపు కడుపులోకి వెళ్ళింది. ఆగినంత పని చేసింది. దిమ్మ చక్రం కింద పడింది. మళ్ళీ కదిలింది. మేం కంకులు చేతుల్లోనే పట్టుకుని చూస్తున్నాం. దాని వెనక పాకుతూ వెళ్ళి ఉంటే ఇప్పుడు మేం ఎక్కడుండేవాళ్ళమో అందరికీ కనపడుతోంది. సరిగ్గా ఆ ఏటవాలులో, సగం కలిసి సగం జారుతూ. లారీ తెల్ల రాయి దాటింది. పైన ఎరిజాల్ దిగే బండ్లకి అడ్డంగా నించుని మెడలో గుడ్డ తీశాడు. సాయంత్రపు బూడిద రంగులో ఆ ఎరుపు ఒక్కటే రంగు.

దెస్రీతా ఇంజన్ తిప్పింది. మొదటి గేరు. ఎడంకాలు ఒక్కసారి, నెమ్మదిగా, పూర్తిగా పైకి వచ్చింది. మళ్ళీ కిందికి వెళ్ళలేదు.

బండి ఎక్కటం మొదలుపెట్టింది. వేగం లేదు. ఒకే స్వరం, మందంగా, తెగకుండా. ఇనప ఊచలు వెనక్కి జరిగి తలుపుకి ఆనుకున్నాయి. కిటికీలో రోడ్డు పోయి కొండ వచ్చింది, కొండ పోయి ఆకాశం వచ్చింది. మలుపు కడుపులో మా ఒళ్ళన్నీ ఒకవైపు వాలాయి. ఎరిజాల్ పక్కవాడు దిమ్మ పట్టుకుని మాతోపాటు నాలుగడుగులు నడిచాడు. అవసరం లేదని తెలిసి నిలబడిపోయాడు. ఆ ఇంజన్ చప్పుడు నాకు తెలుసు. శనివారం సాయంత్రాల చప్పుడు అది. కళ్ళు మూసుకుంటే ముందు సీట్లో నేనూ, నా పక్కన ఆమే. మూసుకోలేదు. నడుపుతున్న పిల్లని చూడాలనిపించింది.

తెల్ల రాయి దాటాం. రెండో గేరు. వెనక అద్దంలో, చాలా కింద, పడాంగ్ దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. వాటి వెనక సముద్రం ఇంకా కొంచెం తెల్లగా ఉంది. చేపల వాసన, మొక్కజొన్న వాసన. మూడో వాసన లేదు. జుల్బహ్రి ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు.

“ఏం వెతుకుతున్నావయ్యా?” అంది మర్లిస్. “అవి నా చేపలే.”

సోలోక్‌లో సమ్సిర్ షెడ్డు మూసేవేళకి చేరాం. అతను బండి కిందికి దూరి, గేరుబాక్సు పక్కనున్న రబ్బరు మూత తీసి ముక్కు పెట్టాడు. అరచెయ్యి ఆనించి చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. దెస్రీతా తాళంచెవిని పిడికిట్లో బిగించి నించుంది.

“అబద్ధాలు చెప్పకండి,” అన్నాడు కింద నించే. “పడాంగ్ వెళ్ళారా, సంత దాకా వెళ్ళొచ్చారా?”

దెస్రీతా బండి రేకుకి వీపు ఆనించి నేల మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. జుల్బహ్రి కూడా చూడలేదు. మేకుల పెట్టెలు సర్దుతున్నట్టు అటు తిరిగాడు. పెద్ద మనుషుల్లో అదొక దయ.

ఇంటికొచ్చేసరికి చీకటిపడింది. దెస్రీతా లోపలికి వెళ్ళి తాళంచెవి పాత మేకుకే తగిలించింది. జుల్బహ్రి వాకిట్లో నాతోపాటు నించున్నాడు. ఇంకా చేతిలో తినని కంకి ఒకటి ఉంది.

“రేపు ఆ ఆలుగడ్డల ఆయనకి వేరే బండి చూసుకోమని చెప్పాలి,” అన్నాడు. కంకిని చేతిలో తిప్పుకుంటూ, “సుతాన్, మీరు సంచీ కట్టుకున్నారట.”

“నూరోరోజు అయిపోయింది కదా.”

“శనివారాలు ముందు సీట్లో ఎవరు కూర్చుంటారు? నాకు కొట్టుంది. ఆ పిల్ల అక్కడ ఆగినప్పుడు పక్కన ఎవరో ఒకరు కంకి తినాలి కదా.”

“అది మీ ఇంటి మాట. మీరు చెప్పాలి.”

“చెప్పానుగా,” అన్నాడు విసుగ్గా.

ముందు సీట్లో మర్చిపోయిన సిగరెట్ పెట్టె కోసం వ్యాను దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీశాడు. లోపల చెయ్యి పెట్టి వెతుక్కుని పెట్టె తీసుకున్నాడు. దభాలున పడే చప్పుడు కోసం నేను అలవాటుగా భుజాలు బిగించాను. అతను తలుపు అంచు పట్టుకుని, ఒక నిమిషం దాన్నే చూస్తూ నించున్నాడు. తర్వాత దాన్ని దగ్గరికి తెచ్చి, అరచెయ్యి ఆనించి, గొళ్ళెం పడిన చప్పుడు కూడా వినపడనంత మెల్లగా నొక్కాడు.